పలుచని గాలిలో పరుగు

దూరపు పరుగుపందెముల వార్తలు ప్రసారమైనపుడెల్ల శ్రోతలకు ఒక సందేహము కలుగుట సహజము. పందెము పారిస్‌లో జరిగినను, బర్మింగ్‌హామ్‌లో జరిగినను, దానికి ముందు కొన్ని వారములో, కొన్ని నెలలో మన పరుగువీరులు అమెరికాలోని ఒక కొండ ఊరికి పోయి నివసించుచున్నారు. పరుగెత్తుటకు రెండు కాళ్ళును, ఒక బాటయును చాలును గదా! అంత దూరపు ప్రయాణము, అంత వ్యయము ఎందులకు? ఆ కొండలమీది గాలిలో లేనిపోని బలమేదైన కలదా?

కలదనియే చెప్పవలెను. కాని ఆ బలము అచటి గాలిలో అధికముగా ఉన్నదానివలన వచ్చునది కాదు. కొరతగా ఉన్నదానివలన వచ్చునది. ఈ విషయమును కొంత విపులముగ మేము ఇచట వివరింపదలచితిమి.

గాలికి బరువు కలదని మనమందరము పాఠశాలలో చదువుకొన్నదే. దూది బస్తాలను ఒకదానిపై నొకటి పేర్చినపుడు అడుగు బస్తా పైవాటి బరువునకు నలిగి గట్టిపడును. పై బస్తా వదులుగా ఉండును. భూమిని చుట్టియున్న గాలియు అట్టిదే. సముద్రతీరమున దాని ఒత్తిడి పాదరస మట్టములో 760 మిల్లీమీటర్లు. మన వారు వేసవిలో చల్లదనమునకై పోవు ఉదకమండలము ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అచట ఆ ఒత్తిడి సుమారు 580 మిల్లీమీటర్లకు దిగును. అనగా నాలుగింట మూడువంతులు మాత్రమే.

ఎత్తునకు పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని పలువురు తలంతురు. అది సరికాదు. మచిలీపట్టణమునందైనను, ఉదకమండలమునందైనను గాలిలో నూటికి సుమారు 21 పాళ్ళు ప్రాణవాయువే. తగ్గునది పాలు కాదు; ఆ ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి రక్తములోనికి నెట్టు ఒత్తిడి. పంపు ఒత్తిడి తగ్గినపుడు కొళాయి సన్నగా పారునట్లు, రక్తములోనికి చేరు ప్రాణవాయువు కూడ తగ్గిపోవును. నడచువానికి ఈ లోటు అంతగా తెలియదు. మెట్లెక్కువానికి కొంత తెలియును. ప్రాణము కొలది పరుగెత్తువానికి మాత్రము అది ప్రతి అడుగునందును తెలియును.

ఈ సంగతి ప్రపంచమునకు బాగుగ తెలిసివచ్చినది 1968లో. ఆ యేడు ఒలింపిక్ క్రీడలు మెక్సికో నగరమున జరిగినవి. ఆ నగరపు ఎత్తును, మన ఉదకమండలపు ఎత్తును ఇంచుమించు సమానమే. పొట్టి పందెములవారికి ఆ పలుచని గాలి వరమైనది. గాలి అడ్డు తగ్గుటచేత వారు మునుపెన్నడును లేని వేగముతో పోయిరి. అమెరికా దేశీయుడు బాబ్ బీమన్ 8.90 మీటర్లు దుమికి లోకమును ఆశ్చర్యపరచినది అచటనే. కాని దూరపు పందెములలో కథ తలక్రిందులైనది. 1,500 మీటర్లు మొదలు మారథాన్ వరకు పురుషుల పరుగుపందెములు ఐదింటను స్వర్ణపతకములు ఆఫ్రికా ఖండపు వారికే దక్కినవి. ఆ ఐదుగురిలో నలుగురు కెన్యా, ఇథియోపియా దేశీయులు.

ఆ పందెములలో ఆస్ట్రేలియా దేశీయుడు రాన్ క్లార్క్ అనుభవము మరపునకు రానిది. ఆయన తన జీవితకాలమున 17 ప్రపంచ రికార్డులు నెలకొల్పిన మహావీరుడు. 10,000 మీటర్లను 28 నిమిషములలోపల పూర్తిచేసిన మొదటివాడు. 1965లో ఆస్లో నగరమున ఆయన తీసికొనిన కాలము 27 నిమిషముల 39.4 సెకనులు. మెక్సికోలో అదే దూరమును గెలిచిన కెన్యా వీరుడు నఫ్తాలీ టెమూకు పట్టిన కాలము 29 నిమిషముల 27.4 సెకనులు. గెలిచినవాని కాలమే క్లార్క్ రికార్డు కంటె ఒక నిమిషము 48 సెకనులు అధికము! అయినను క్లార్క్ ఆనాడు గెలువలేదు. కడపటి చుట్టులో ఏమి జరిగినదో తరువాత ఆయనకు జ్ఞాపకమే లేకపోయెను. ఆరవవాడుగా గీతను దాటి, నేలమీద కూలిపోయెను. ముఖమునకు ప్రాణవాయువు తొడుగు పెట్టి వైద్యులు సేదదీర్పవలసివచ్చెను.

క్లార్క్ సన్నద్ధత లేక పోయినవాడు కాడు. ఐరోపాలోని పర్వతప్రాంతమున కొంతకాలము అభ్యాసము చేసియే పోయెను. కాని పుట్టినది మొదలు ఎత్తైన నేలమీద పెరిగినవారితో, కొన్ని వారములు మాత్రము ఎత్తున గడపినవాడు సరితూగలేకపోయెను. అంతటి వీరునకు ఒలింపిక్ స్వర్ణపతకము ఎన్నడును లభింపలేదు. చెకొస్లొవేకియా దేశపు పరుగువీరుడు ఎమిల్ జాటొపెక్ 1966లోనే తాను గెలిచిన స్వర్ణపతకములలో ఒకదానిని క్లార్క్ చేతిలో పెట్టి పంపెనన్న సంగతి క్రీడాలోకమున అందరు ఎరిగినదే.

మెక్సికో నగరపు అనుభవము తరువాత శిక్షకులును, శాస్త్రవేత్తలును రెండు ప్రశ్నలు వేసికొనిరి. ఎత్తున శరీరము ఏమి చేయును? ఎత్తున గడపి క్రిందికి దిగివచ్చిన పరుగువీరునకు ఏమైన లాభము కలుగునా?

మొదటి ప్రశ్నకు సమాధానము రక్తములో ఉన్నది. మన రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 50 లక్షల ఎర్రకణములు ఉండును. వానిలోని హీమోగ్లోబిన్ అను ఇనుముతో కూడిన పదార్థము ప్రాణవాయువును ఎత్తుకొని కండరములకు చేర్చును. ఎర్రకణములను సరుకు మోయు బండ్లుగా భావింపుడు. ఎత్తైన చోట ప్రతి బండిమీదను సరుకు కొంత తక్కువగా ఎక్కును. ఈ లోటును మూత్రపిండములు కొన్ని గంటలలోనే పసికట్టి, ఎరిత్రోపొయటిన్ అను రసమును అధికముగా రక్తములోనికి వదలును. ఆ రసము ఎముకల మూలుగును చేరి, మరిన్ని బండ్లను తయారుచేయుమని పురికొల్పును. మూడు నాలుగు వారములు ఎత్తున నివసించినవారిలో మొత్తము హీమోగ్లోబిన్ నూటికి మూడు నాలుగు వంతులు పెరుగుట పరిశోధకులు కొలిచి చూచినారు. ఆ పెరిగిన బండ్లతో పరుగువీరుడు సముద్రతీరమునకు దిగినచో, అచట ప్రతి బండియు నిండుగ సరుకు మోయును. ఎత్తున లోటుగా ఉన్నది క్రిందికి వచ్చునప్పటికి మిగులుగా మారును. ఇదియే ఆ రహస్యము.

కాని ఆ మిగులును సంపాదించుట సుఖమైన పని కాదు. కొండ ఊరు చేరిన మొదటి రోజులలో నిద్ర సరిగా పట్టదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి సాగుచుండును. ఊపిరి వేగమునకు తోడు అచటి గాలి పొడిదగుటచే నోరు ఆరిపోవును. శరీరము రక్తములోని నీటిని తగ్గించుకొనుటచే మూత్రము అధికమగును. నిన్నటివరకు తేలికగ పరుగెత్తిన వేగము నేడు గుండెలను అదరగొట్టును. 2,000 మీటర్ల ఎత్తున తీరవాసియైన పరుగువీరుని దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి సుమారు పదింట ఒకవంతు తగ్గును. అనుభవము లేనివాడు ఈ తగ్గుదలను తన బలహీనతగా భావించి, పట్టుదలతో పాత వేగమునే సాధింప యత్నించి, పది రోజులలో జబ్బుపడును. తెలిసిన శిక్షకుడు మొదటి వారము పరుగును తగ్గించి, ఓపిక పట్టుమనును. వేగముగ పరుగెత్తుట వీరుని స్వభావము. అచట నెమ్మదిగా పరుగెత్తుట నేర్చుకొనుటయే వానికి మొదటి పరీక్ష.

ఇచట మరియొక చిక్కు కలదు. ఎత్తున రక్తము బలపడుచుండగా కాళ్ళ వేగము తగ్గిపోవును. ఎల్లప్పుడును నెమ్మదిగా పరుగెత్తువాని కండరములు వేగమును మరచును. ఈ చిక్కును విప్పుటకు అమెరికా దేశపు పరిశోధకులు లెవీన్, స్ట్రే గుండర్సన్ అనువారు 39 మంది పరుగువీరులను మూడు జట్లుగా చేసి పరీక్షించి, ఫలితములను 1997లో ప్రకటించిరి. ఒక జట్టు 2,500 మీటర్ల ఎత్తున నివసించి, అభ్యాసమునకు 1,250 మీటర్ల ఎత్తునకు దిగివచ్చెను. రెండవ జట్టు ఎత్తుననే నివసించి ఎత్తుననే అభ్యాసము చేసెను. మూడవది సముద్రమట్టముననే ఉండెను. నాలుగు వారముల అనంతరము 5,000 మీటర్ల పరుగులో మొదటి జట్టు సగటున 13.4 సెకనులు మెరుగుపడెను; తక్కిన రెండు జట్లకు అట్టి లాభము కలుగలేదు. ఎత్తున నివాసము, పల్లమున అభ్యాసము అను సూత్రము అప్పటినుండి ప్రసిద్ధమైనది.

ఇక మన దేశీయుని సంగతికి వత్తము. అవినాశ్ సాబ్లే 1994లో మహారాష్ట్రములోని బీడ్ జిల్లా, మాండ్వా గ్రామమున రైతు కుటుంబములో పుట్టెను. ఆ జిల్లా మనకు పరాయిది కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమే. వర్షములు సరిగా లేని కరువు సీమ. బడి ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరము. నడచియు, పరుగెత్తియు పోయి రావలసిన బాట. పండ్రెండవ తరగతి పిదప ఆయన సైన్యమున చేరి, సియాచిన్ హిమానీనదము మీదను, రాజస్థానపు ఎడారియందును కొలువుచేసెను. పరుగుపందెములలోనికి వచ్చినది ఆ తరువాతనే.

సియాచిన్‌లో ఉండినవానికి వేరుగా కొండ శిక్షణ ఎందుకని ఎవరైన అడుగవచ్చును. ఎత్తునకును ఒక హద్దు ఉన్నది. సియాచిన్ స్థావరములు పెక్కు 5,000 మీటర్లకు పైబడినవి. అంతటి ఎత్తున ఆకలి మందగించును, కండలు కరగును, దేహము తన్ను తాను నిలుపుకొనుటకే శక్తినంతయు వెచ్చించును. పరుగునకు పనికివచ్చు ఎత్తు 2,000 మీటర్లకు అటునిటుగ మొదలై 2,500 మీటర్లవరకు అని శిక్షకుల అనుభవము. కెన్యాలోని ఇటెన్, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా ఈ ఎత్తులలోనివే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ దీనికి కొంచెము క్రిందుగ, 1,800 మీటర్లకు పైబడి ఉన్నది.

సాబ్లే పరుగు 3,000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్. అది వట్టి పరుగు కాదు. మూడడుగుల ఎత్తు గల అడ్డుదూలములను 28 మారులు దాటవలెను. అవిగాక దూలమునకు ఆవల నీటిగుంట గల అడ్డును 7 మారులు దాటవలెను. ఈ పందెమున గోపాల్ సైనీ 1981లో నెలకొల్పిన జాతీయ రికార్డును సాబ్లే 2018లో, 37 ఏండ్ల తరువాత, చెరిపివేసెను. ఆపైన తన రికార్డును తానే పలుమారులు సవరించుకొనెను. స్వదేశమున ఆయనకు సాటి లేకపోయెను. సాటి లేకపోవుటయే ఆయనకు లోటయ్యెను. వెంటతరుము వాడు లేని పరుగులో వేగము పెరుగుట కష్టము.

2022లో ఆయన కొలరాడో స్ప్రింగ్స్‌నకు పోయి, శిక్షకుడు స్కాట్ సిమన్స్ వద్ద అభ్యాసము చేసెను. ఆ యేడు మే నెలలో కాలిఫోర్నియా తీరప్రాంతమున 5,000 మీటర్లను 13 నిమిషముల 25.65 సెకనులలో ముగించి, బహదూర్ ప్రసాద్ 1992లో నెలకొల్పిన 30 ఏండ్లనాటి రికార్డును దాటెను. జూన్‌లో మొరాకో దేశపు రబాత్ నగరమున స్టీపుల్‌ఛేజ్‌లో 8 నిమిషముల 12.48 సెకనుల కాలము సాధించెను. కొండమీద కూడబెట్టిన ధనమును పల్లమున వెచ్చించుట యనగా ఇదియే.

అయినను వేగము ఒక్కటియే పందెమును గెలిపింపదు. జులైలో అమెరికాలోని యూజీన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో తుదిపరుగు మిక్కిలి నెమ్మదిగా సాగెను. అందరును ఒకరినొకరు కనిపెట్టుకొని పోయి, చివర ఒక్కసారి విజృంభించిరి. అట్టి పరుగులో సాబ్లే 11వ స్థానమున నిలిచెను. ఇట్టి యుక్తులు పుస్తకమున చదివి వచ్చునవి కావు. అట్టివారి నడుమ పరుగెత్తియే నేర్చుకొనవలెను.

మూడు వారములు తిరుగకమునుపే, ఆగస్టు 6వ తేదీన, బర్మింగ్‌హామ్‌లో కామన్‌వెల్త్ క్రీడల పందెము వచ్చెను. 1998 మొదలు 2018 వరకు జరిగిన ఆరు కామన్‌వెల్త్ క్రీడలలో పురుషుల స్టీపుల్‌ఛేజ్ పతకములు మూడును, ప్రతిసారియు కెన్యా దేశీయులే తీసికొనిపోయిరి. ఒలింపిక్ విజేత కన్సెస్లస్ కిప్రూటో కూడ నాటి పరుగులో ఉండెను. సాబ్లే వెనుకకు తగ్గలేదు. అబ్రహాం కిబివోట్ 8 నిమిషముల 11.15 సెకనులకు గీతను దాటెను. సాబ్లే దాటినది 8 నిమిషముల 11.20 సెకనులకు. మూడు వేల మీటర్ల పరుగు తరువాత ఇరువురి నడుమ మిగిలిన దూరము సుమారు ఒక అడుగు! స్వర్ణము చేజారెను, కాని కెన్యావారి కోటకు పడిన బీట అందరికిని కనబడెను.

కొండ శిక్షణ పొందినవాడు ఇక ఓడడని ఎవరును తలంపరాదు. 2023లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీలలో సాబ్లే తుదిపరుగునకే చేరజాలకపోయెను. ఆ యేడు అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 2024 జులైలో పారిస్‌లో 8 నిమిషముల 9.91 సెకనులకు తన రికార్డును దింపెను. మరుసటి నెల అదే నగరమున ఒలింపిక్ స్టీపుల్‌ఛేజ్ తుదిపరుగునకు చేరిన మొదటి భారతీయ పురుషుడై, 11వ స్థానము పొందెను. ఎత్తుపల్లములు బాటలకే కాదు, పరుగువీరుల భాగ్యమునకును కలవు.

శాస్త్రవేత్తలును ఈ విషయమున ఏకాభిప్రాయము గలవారు కారు. ఒకే కొండమీద, ఒకే శిక్షణ పొందిన ఇద్దరిలో ఒకనికి లాభము మిక్కుటము, మరియొకనికి శూన్యము కావచ్చును. పైగా దిగివచ్చిన పిదప ఆ లాభము కొన్ని వారములకు మించి నిలువదు. పందెమునకు ఎన్ని రోజులు ముందుగ దిగవలెనన్నది నేటికిని శిక్షకులలో వాదమునకు తావిచ్చు ప్రశ్నయే.

మరి మన దేశమున ఎత్తైన చోట్లు లేవా? ఉన్నవి. ఉదకమండలమున మన వీరులు పూర్వమునుండి అభ్యాసము చేయుచున్నారు. హిమాచల ప్రదేశమున శిలారూ వద్ద, సుమారు 2,400 మీటర్ల ఎత్తున, ప్రభుత్వ శిక్షణ కేంద్రము కలదు. కనుక కొండలకు కొరత లేదు. కొరత సాటివారికి, మేలైన పందెములకు. కొలరాడోలో పరుగువీరునకు తనకంటె వేగముగ పోవు తోడివారు దొరకుదురు. అచటినుండి కొన్ని గంటల ప్రయాణమున తీరమునకు దిగి, గట్టి పందెములలో పాల్గొనవచ్చును. విదేశమునకు పోయి మనవారు కొనుచున్నది గాలి కాదు, సాంగత్యము. అట్టి సాంగత్యము మన కొండలమీదనే ఏర్పడిననాడు ఈ దూరప్రయాణముల అవసరము చాలవరకు తీరిపోవును.

తెలుగు సీమలో అంతటి ఎత్తు లేదు. మన తూర్పు కనుమల శిఖరములలో మిక్కిలి ఎత్తైనదియు సుమారు 1,680 మీటర్లే. అయినను పరుగుమీద మక్కువ గల పిల్లలు నిరుత్సాహపడ పనిలేదు. కొండ శిక్షణ గోపురముమీది కలశము వంటిది. పునాది వేరే ఉన్నది. రక్తమున ఇనుము చాలనివానికి కొండ ఎక్కినను కొత్త కణములు పుట్టవు. బండ్లు చేయుమని ఆజ్ఞ వచ్చినను, కొట్టమున ఇనుము లేనిది బండి ఎట్లు తయారగును? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉండెను. కొలరాడోకు పంపుటకు ముందు మనము చక్కబెట్టవలసినది ఇది.

కావున మీ యింట పరుగెత్తు బాలుడో, బాలికయో ఉన్నచో, ఊరక అలసిపోవుచున్నచో, సోమరితనమని మందలింపకుడు. ఒకమారు వైద్యునిచేత రక్తపరీక్ష చేయింపుడు. ఆకుకూరలు, పప్పుధాన్యములు సమృద్ధిగ పెట్టుడు; వానితోపాటు ఉసిరి, నిమ్మ వంటి పులుపు చేర్చినచో ఇనుము చక్కగ వంటబట్టును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగుట దానికి అడ్డు తగులును. ఇనుము మాత్రలు మాత్రము వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

బీడ్ జిల్లాలోని బడి బాట సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదో నాడు ఎవరును కొలువలేదు. ఆ బాటమీద ప్రతిదినము పరుగెత్తినవాడే తరువాత కొలరాడో కొండలను ఉపయోగించుకొనగలిగెను. కొండ ఇచ్చునది కొన్ని సెకనులు మాత్రమే. తక్కిన ఎనిమిది నిమిషములను పరుగువీరుడు ఇంటివద్దనే, ఏండ్ల తరబడి, సంపాదించుకొనవలెను.